సాకెట్‌లో పట్టింది సరే, పొసగిందా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అది సీటీసీ. మొదటిసారి కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలనుకున్న కుర్రాడు అక్కడ నాలుగు షాపులు తిరిగితే చేతిలో నాలుగు కొటేషన్లు ఉంటాయి. బడ్జెట్ తక్కువని చెబితే రాసిచ్చే కాగితానికి నమూనాగా ఒకదాన్ని తీసుకుందాం. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డ్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒక స్టిక్, 500 జీబీ ఎన్‌వీఎమ్ఈ (వేగమైన రకం) ఎస్ఎస్‌డీ, ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎమ్‌పీఎస్‌తో (భాగాలకు కరెంటు అందించే పెట్టె) కలిపి క్యాబినెట్.

పైకి చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. ప్రాసెసర్ ఏఎమ్4 సాకెట్‌ది, బోర్డూ ఏఎమ్4దే. ర్యామ్ స్లాట్‌లో దిగుతుంది, కార్డు దాని చోట కూర్చుంటుంది, బటన్ నొక్కితే కంప్యూటర్ ఆన్ అవుతుంది. భాగాలు కలుస్తాయో లేదో చూసిపెట్టే పీసీపార్ట్‌పికర్ లాంటి సైట్‌లో ఇవే భాగాలు ఎంచుకుంటే పెద్ద హెచ్చరిక కూడా రాకపోవచ్చు. అయినా ఇది చెడ్డ లిస్టు.

పొసగడం అనే మాటను తెలుగులో ఎక్కువగా మనుషుల గురించి వాడతాం. ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటున్నారంటే వాళ్లకి పొసగినట్టు కాదు కదా. కంప్యూటర్ భాగాలూ అంతే. ఒకదానిలో ఒకటి పట్టడం దగ్గరే చాలామంది పరీక్ష ఆపేస్తారు. పట్టిన తర్వాత ఆన్ అవుతుందా, ఆన్ అయ్యాక పెట్టిన డబ్బుకి తగ్గ పని చేస్తుందా అన్నవి ఇంకా మిగిలే ఉంటాయి. బడ్జెట్ పీసీలు ఎక్కువగా దెబ్బతినేది ఈ చివరి దగ్గరే.

పై లిస్టులో గ్రాఫిక్స్ కార్డు సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. 6500 ఎక్స్‌టీ 2022 జనవరిలో వచ్చింది. బోర్డు మీద గ్రాఫిక్స్ స్లాట్‌లో పదహారు లేన్లు, అంటే డేటా నడిచే దారులు, ఉంటాయి. ఈ కార్డు వాటిలో నాలుగే వాడుతుంది. ఆ స్లాట్ ప్రమాణం పీసీఐఈ 4.0 అయితే ఆ నాలుగు లేన్లలో కలిపి ఒక్కో వైపు సెకనుకు సుమారు 8 జీబీ డేటా నడుస్తుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. పీసీఐఈ 3.0 మీద అది సగమై 4 జీబీ దగ్గర ఆగుతుంది. ఏ520 బోర్డు 3.0దే. పోనీ ఇంకాస్త డబ్బు పెట్టి 4.0 ఉన్న బీ550 బోర్డు తెచ్చినా ఒరిగేదేమీ లేదు. 5600జీ ప్రాసెసర్‌కే 4.0 లేదు. కార్డులో సొంత మెమరీ 4 జీబీ మాత్రమే, ఇప్పటి గేమ్‌లకు అది ఇట్టే నిండిపోతుంది. నిండాక మిగతా డేటా అంతా ర్యామ్ నుంచి ఆ ఇరుకు సందులోంచే రావాలి. ఆ ర్యామ్ కూడా ఒంటరి స్టిక్కే. గేమ్ నడుస్తూ నడుస్తూ కుదుపులిస్తుంటే కుర్రాడు ఇంటర్నెట్ స్పీడుని తిట్టుకుంటాడు.

ఇంకో వృథా కూడా ఉంది. 5600జీ పేరు చివర ఉన్న 'జీ'కి అర్థం ప్రాసెసర్ లోపలే గ్రాఫిక్స్ ఉందని. విడిగా కార్డు పెట్టాక దానికి పని ఉండదు. దాన్ని లోపల ఇరికించడానికి ఇంకొన్ని వదులుకున్నారు కూడా. జీ లేని 5600లో ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ ఉంటే 5600జీలో 16 ఎంబీయే. అంటే కార్డు కొనేవాడికి 5600జీ తగదు, కార్డు కొననివాడికి మాత్రం బంగారం లాంటి ప్రాసెసర్.

అందుకే ఇంటెల్ ఐ5 తీసుకోవాలా ఏఎండీ రైజెన్ తీసుకోవాలా అన్న ప్రశ్నకు ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కావాలా, ఏడాది తర్వాతా, అసలు అక్కర్లేదా? కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, కాస్త ఫొటోషాప్, తేలికపాటి గేమ్‌లు ఇవే పనులైతే కార్డు డబ్బు మొత్తం మిగులుతుంది. ఈ ఒక్క జవాబుతో ప్రాసెసర్ పేరు చివర అక్షరం ఏముండాలో తేలిపోతుంది. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఐ3 12100ఎఫ్, ఐ5 12400ఎఫ్ అలాంటివే. ఏఎండీలో రైజెన్ 5 5500, 5600లకు జీ లేదు, గ్రాఫిక్స్ కూడా లేదు. కొత్త తరంలో 7600కి జీ లేకపోయినా తెర మీద బొమ్మ చూపించేంత గ్రాఫిక్స్ లోపల ఉంది, 7500ఎఫ్‌కి లేదు. తర్కం వెతకడం దండగ, మోడల్‌ని బట్టి చూసుకోవాల్సిందే.

ఈ ఒక్క అక్షరం ఏం చేస్తుందో చూడాలంటే ఇలా ఊహించుకోండి. 12400ఎఫ్ చవగ్గా వస్తోందని కొన్నారు, కార్డు జీతం పడ్డాక తీసుకుందామనుకున్నారు. అన్నీ బిగించారు. మదర్‌బోర్డ్ వెనకాల హెచ్‌డీఎమ్ఐ పోర్టు కనిపిస్తూనే ఉంది, కేబుల్ దానికి పెట్టారు. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, బోర్డు మీద చిన్న లైటు వెలిగింది, మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్'. కేబుల్ మార్చారు, ర్యామ్ తీసి తుడిచి పెట్టారు, రాత్రి రెండయింది. పాడైంది ఏదీ లేదు. ఆ హెచ్‌డీఎమ్ఐ పోర్టు మదర్‌బోర్డ్‌ది, అందులోకి బొమ్మ పంపాల్సింది ప్రాసెసర్. పంపడానికి దాని దగ్గర ఏమీ లేదు. కార్డు కొన్నాక కూడా కేబుల్‌ని పాత అలవాటు కొద్దీ బోర్డుకే పెట్టి తలపట్టుకునేవాళ్లు ఉంటారు, అది మాత్రం అరనిమిషంలో సరిచేసుకోవచ్చు.

అంకెల మాయ కూడా తక్కువేం కాదు. 5500కీ 5600కీ తేడా వందే కాబట్టి చవకది చాలనిపిస్తుంది. నిజానికి 5500 అంటే 5600జీలో గ్రాఫిక్స్ ఆపేసిన చిప్. కాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0. పేరు 5600కి దగ్గర, పుట్టుక 5600జీతో. ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎమ్5లోనూ ఇలాంటిదే ఉంది. 8500జీ ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డుకి నాలుగు లేన్లే ఇస్తుంది, 8600జీ ఎనిమిది ఇస్తుంది. తర్వాత కార్డు పెట్టుకుంటానని 8500జీ తీసుకున్నవాడికి ఈ సంగతి కార్డు పెట్టాకే తెలుస్తుంది.

మదర్‌బోర్డ్ దగ్గరికి వస్తే, సాకెట్ పేరు కలవడం అవసరమే, చాలదు. దీనికి ఇంటెల్ చరిత్రలో ఒక చక్కటి ఉదాహరణ ఉంది. 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో 1151 పిన్నుల సాకెట్ వచ్చింది. 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడూ పిన్నులు 1151యే. ప్రాసెసర్ పాత బోర్డులో చక్కగా కూర్చుంటుంది, కానీ పని చేయదు. దానికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీది నిర్వహణ చిప్) ఉన్న బోర్డు కావాలి. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఒకచోట ప్రాసెసర్, ఇంకోచోట బోర్డు ఏరుకునేవాళ్లు ఇప్పటికీ ఇందులో పడుతున్నారు.

ఏఎండీ ఈ విషయంలో ఉదారంగా ఉంది. 2017 నాటి కొన్ని ఏఎమ్4 బోర్డుల్లో 2022లో వచ్చిన ప్రాసెసర్లు కూడా నడుస్తాయి. అయితే మధ్యలో బయోస్ అనే కాపలాదారు ఉంటాడు. బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్ అది. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి, రైజెన్ 5000 ప్రాసెసర్లు 2020 నవంబర్‌లో. బోర్డు తయారైన నాటి బయోస్‌కి రెండేళ్ల తర్వాత పుట్టిన ప్రాసెసర్ తెలియదు. అప్‌డేట్ చేయకపోతే తెర నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ చేయాలంటే కంప్యూటర్ ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ అయి ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు. కొన్ని బోర్డులకు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ అయిపోతుంది. అది లేని చవక బోర్డు తీసుకుంటుంటే బిల్లు కొట్టకముందే షాపులో అప్‌డేట్ చేసి ఇమ్మనాలి. వాళ్ల దగ్గర పాత ప్రాసెసర్ ఒకటి ఉంటే పని అయిపోతుంది. ఇంటెల్ హెచ్610 బోర్డులో 13, 14వ తరం ప్రాసెసర్ పెట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఏ బయోస్ వెర్షన్ నుంచి ఏ ప్రాసెసర్ నడుస్తుందో బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో, ఆ మోడల్ పేజీలోనే పట్టికగా ఉంటుంది. యూట్యూబ్‌లో గంట వీడియో చూసేకంటే ఆ పట్టిక రెండు నిమిషాలు చూడటం మేలు.

అదే హెచ్610 బోర్డులో ఇంకో మెలిక ఉంది. ఇంటెల్ 12, 13, 14వ తరాలు డీడీఆర్4నీ తీసుకుంటాయి, డీడీఆర్5నీ తీసుకుంటాయి. బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒకటే తీసుకుంటుంది. పేర్లు దాదాపు ఒకటే, చాలా బోర్డుల్లో చివర 'డీ4' లాంటి గుర్తు ఉందా లేదా అన్నదే తేడా. రెండు రకాల ర్యామ్‌కీ పిన్నులు 288యే, కానీ మధ్యలో గాడి చోటు మారింది. దిగకపోతే బలం ఉపయోగించకూడదు. ఏఎమ్4 డీడీఆర్4కే, ఏఎమ్5 డీడీఆర్5కే పరిమితం కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్ స్లాట్‌లో పనికిరాదు.

ర్యామ్ ఒకటి పెద్దది తీసుకోవాలా, రెండు చిన్నవా? కార్డు లేని కంప్యూటర్‌కి ఈ ప్రశ్న ప్రాణం లాంటిది. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే అరువు తెచ్చుకుంటుంది. డీడీఆర్4 3200 స్టిక్ ఒకటైతే సెకనుకు 25.6 జీబీ, రెండైతే 51.2 జీబీ. 5600జీకి 16 జీబీ స్టిక్ ఒకటి పెట్టడం కంటే 8 జీబీవి రెండు పెడితే గేమ్‌లలో తేడా కంటికే కనిపిస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండింట్లో పెడితే రెండు కొన్నా వేగం ఒకటి కొన్నట్టే. ఇంకొకటి, ప్యాకెట్ మీద 3200 అని ఉన్నా చాలా స్టిక్‌లు మొదట 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటాయి. బయోస్‌లో ఎక్స్ఎమ్‌పీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే గానీ కొన్న స్పీడు రాదు.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకు తరలిపోవడం దీనికి పెద్ద కారణం. క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ ఆ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. దీంతో ప్రాసెసర్‌ని బట్టి ర్యామ్ ఎంచుకునే పాత పద్ధతి తిరగబడింది. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో డీడీఆర్4 స్టిక్‌లు పడి ఉంటే, వాటికి సరిపోయే ఏఎమ్4 బోర్డో, డీ4 రకం హెచ్610 బోర్డో తీసుకోవడమే తెలివైన లెక్క. ఏఎమ్5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది, భవిష్యత్తు అటే. కానీ ఆ భవిష్యత్తు కోసం ఇవాళ ర్యామ్ సగానికి తగ్గించుకోవాల్సి వస్తే అందులో అర్థం లేదు. రేపు అప్‌గ్రేడ్ చేస్తాలే అనుకుని కొన్న పీసీల్లో చాలావాటికి ఆ రేపు రాదు కూడా.

ఎస్ఎమ్‌పీఎస్ మీద డబ్బు పెట్టాలంటే అందరికీ ప్రాణం విలవిల్లాడుతుంది. అది కనిపించదు, స్పీడు పెంచదు. పైగా క్యాబినెట్‌తో ఊరికే వస్తోందయ్యె. ఊరికే వచ్చినదాని పక్కన స్టిక్కర్ ఒకసారి చదవాలి. పైన పెద్దగా 450 వాట్లు అని ఉండొచ్చు. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంటే, 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి. ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్ల వరకు తీసుకుంటుంది. ప్రాసెసర్‌కి ఓ 75 వేసుకుంటే 207. ఫ్యాన్లు, డిస్క్ లెక్క ఇంకా రాలేదు. పెద్ద గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ టక్కున ఆగిపోతే వైరస్ అంటారు, పాపం వైరస్‌కి ఏ సంబంధమూ లేదు. పేరున్న కంపెనీ 450 నుంచి 550 వాట్లది బడ్జెట్ పీసీకి ధారాళంగా సరిపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే. అది నాణ్యతకి హామీ కాదు, కాకపోతే ఆ గుర్తు కూడా లేనిదాన్ని పక్కన పెట్టేయడం సులువు.

వైర్ల దగ్గరా పొసగని సంగతులున్నాయి. స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్లే అందుతాయి, అంతకంటే కావాలంటే విడిగా వైరు రావాలి. 8 పిన్నుల వైరు 150 వాట్ల దాకా ఇస్తుంది. చవక ఎస్ఎమ్‌పీఎస్‌లో ఆ వైరే ఉండదు, పాత హార్డ్ డిస్క్ వైర్లని కలిపే అడాప్టర్ అంటగడతారు. కాలిపోయే చోటు అదే. ప్రాసెసర్ వైరుకీ కార్డు వైరుకీ రెండింటికీ 8 పిన్నులే, కానీ మొదటిది నాలుగూ నాలుగుగా, రెండోది ఆరూ రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. వైర్లు ఊడదీసుకునే మాడ్యులర్ రకం కొంటే, ఒక కంపెనీ వైరుని ఇంకో కంపెనీ పెట్టెకి తగిలించనే కూడదు. రెండు చివర్లూ సరిగ్గా పట్టొచ్చు, లోపల పిన్నుల వరస మాత్రం వేరుగా ఉండి ఎస్ఎస్‌డీనో బోర్డునో కాల్చేస్తుంది. పట్టడానికీ పొసగడానికీ ఇంతకంటే ఖరీదైన తేడా ఇంకోటి లేదు.

కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్‌ని కూడా ఈ లెక్కలోనే చూడాలి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. కార్డు ఉన్న పీసీ, మానిటర్ కలిస్తే గేమ్ ఆడేటప్పుడు దాని అంచుకి చేరుతుంది. కరెంటు పోతే ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి పనికొస్తుంది గానీ మ్యాచ్ పూర్తి చేయడానికి కాదు.

మిగిలినవి తేలిక. ఎమ్.2 స్లాట్‌లో పట్టే ఎస్ఎస్‌డీలన్నీ ఎన్‌వీఎమ్ఈ కావు, నెమ్మదైన సాటా రకమూ అదే ఆకారంలో ఉంటుంది. బోర్డు రెండింటినీ తీసుకుంటుందో లేదో చూసుకోవాలి. క్యాబినెట్‌లో కార్డు పొడవు, కూలర్ ఎత్తు ఎన్ని మిల్లీమీటర్ల దాకా పడతాయో డబ్బా మీదే ఉంటుంది. అన్నట్టు సీపీయూ అంటే అసలు ప్రాసెసరే అయినా మన దగ్గర ఆ క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు, షాపులో సీపీయూ రేటు అడిగేటప్పుడు ఏ సీపీయూయో చెప్పడం మంచిది. కూలర్ ప్రాసెసర్‌తో వస్తే గొడవే లేదు. పాతది వాడదామనుకుంటే, ఏఎమ్4కి మామూలుగా సరిపోయేది ఏఎమ్5కీ సరిపోతుంది. ఇంటెల్ పదో తరం నాటిది 12వ తరం బోర్డుకి నేరుగా సరిపోదు, రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకి మారింది. ఏఎమ్4లో కూలర్ తీసేటప్పుడు ఒక్కసారి పైకి లాగితే రెండింటి మధ్య ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. దాని కింద 1331 పిన్నులు, ఒక్కోటీ సూదిలా సన్నం. కాసేపు కంప్యూటర్ నడిపి పేస్టు వేడెక్కాక, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

ఇంకా తక్కువలో కావాలంటే ఎదురయ్యేది 'ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్ గేమింగ్ పీసీ' అన్న బోర్డు. లోపల ఉండేది తరచుగా మూడో తరం ఐ7, అంటే 2012 నాటి సరుకు. గ్రాఫిక్స్ ఏమిటంటే 2014లో వచ్చిన జీటీ 730. భాగాలన్నీ ఒకదానితో ఒకటి బ్రహ్మాండంగా పొసుగుతాయి, ఈ కాలంతోనే పొసగవు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిని దాదాపుగా విండోస్ 11 అధికారికంగా తీసుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లున్న పాత ఐ7ని అవే లెక్కలున్న ఐ3 12100 చాలా వెనక్కి నెట్టేస్తుంది. ఐ7 అన్న పేరుకి కాదు, దాని పక్కన ఉన్న తరం అంకెకి డబ్బివ్వాలి.

ఇప్పుడు మొదటి కొటేషన్‌ని తిరగరాయొచ్చు. కార్డు వద్దనుకుంటే 5600జీ, ఏ520 అలాగే ఉంచి, ఒక స్టిక్ బదులు 8 జీబీవి రెండు రాయాలి. 6500 ఎక్స్‌టీ కొట్టేసి, ఆ డబ్బులో కొంత మంచి ఎస్ఎమ్‌పీఎస్‌కి ఇచ్చి మిగతాది జేబులో పెట్టుకోవాలి. కార్డు కావాలంటే 5600తో బీ550గానీ, 12400ఎఫ్‌తో డీ4 రకం హెచ్610గానీ రాసి, 8 జీబీ మెమరీ, ఎనిమిది లేన్లు ఉన్న ఆర్ఎక్స్ 6600 తరగతి కార్డు వేయాలి. ఈ రెండింటికీ మధ్యలో సగం సగం రాజీపడిన లిస్టే షాపుల్లో ఎక్కువగా అమ్ముడవుతుంది.

బిల్లులో 'మదర్‌బోర్డ్ ఒకటి' అని కాకుండా చివరి అక్షరం దాకా పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాయించుకోవాలి. వారంటీ కంప్యూటర్ మొత్తానికి కాదు, ఒక్కో భాగానికీ విడివిడిగా ఉంటుంది. షాపులోనే బిగిస్తుంటే కౌంటర్ మీదే ఆన్ చేయించి బయోస్ తెర చూడాలి. ప్రాసెసర్ పేరు కాగితంలో ఉన్నదేనా, ర్యామ్ రెండు స్టిక్‌లూ కనిపిస్తున్నాయా, స్పీడు దగ్గర 3200 ఉందా, ఇంకా 2400 దగ్గరే ఉందా అని. 2400 ఉంటే ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేసి ఇమ్మంటే చాలు, షాపతను రెండు కీలు నొక్కి చేసేస్తాడు.